31 చెట్లు, ఒక టేపు, ఒక ఉలి: మా వీధి ప్రాజెక్టు డైరీ

2025 జూన్ 8, ఆదివారం

గురువారం రాత్రి గాలిదుమారానికి మా వీధి చివర ఉన్న పెల్టోఫోరం, అదే పసుపు పూలు రాలుస్తూ ఉండే చెట్టు, కూకటివేళ్ళతో సహా ఒరిగి ఒకాయన కారు మీద పడింది. మనుషులెవరికీ ఏం కాలేదు. పొద్దున్నే మున్సిపాలిటీ వాళ్ళు మిషన్ రంపంతో ముక్కలు చేసి ట్రాక్టర్లో వేసుకుపోయారు. అందరూ కారు చుట్టూ మూగారు. నేను మాత్రం చెట్టు మొదలు దగ్గర కూర్చున్నాను.

నలభై అడుగుల చెట్టుకి వేరు ముద్ద ఎంతుందంటే, ఇంట్లో బియ్యం చెరిగే చాటంత. ఒక పక్క అసలు వేళ్ళే లేవు. మొదలు చుట్టూ సిమెంటు రోడ్డు అంచు గాజుల్లా బిగుసుకుని ఉంది. మూడేళ్ళ కిందట రోడ్డు వేసినప్పుడు మేస్త్రీ మిగిలిన సిమెంటు మాలంతా చెట్టు పాదుల్లో పోసి నున్నగా చదును చేసి పోయాడు. "నీట్‌గా ఉంది" అని మెచ్చుకున్న వాళ్ళలో నేనూ ఉన్నాను. అది ఒప్పుకోకుండా ఈ డైరీ మొదలుపెట్టలేను.

రిటైరై రెండేళ్ళయింది. మోకాళ్ళు ఇంకా పనిచేస్తున్నాయి. హైదరాబాద్‌లో సైనిక్‌పురి అవతల ఉన్న మా కాలనీలో మా వీధి ఒక్కటే నా పరిధి. రెండు పనులు: ఉన్న ప్రతి చెట్టునీ కొలిచి ఒక రిజిస్టరులో రాయడం, సిమెంటులో ఇరుక్కున్న మొదళ్ళని విడిపించడం. ఆదివారాలు, పొద్దున ఆరు నుంచి తొమ్మిది వరకు.

జూన్ 15, ఆదివారం

కొలతలు. చెట్టు చుట్టుకొలత ఎక్కడ పడితే అక్కడ తీయకూడదు. అటవీ శాఖ లెక్క ప్రకారం నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, అంటే నాలుగున్నర అడుగుల దగ్గర, మనిషి ఛాతీ ఎత్తులో తీయాలి. పాత కర్టెన్ రాడ్డుని సరిగ్గా 137 సెంటీమీటర్లకి కోసుకున్నాను. చెట్టుకి ఆనించి నిలబెట్టడం, పై కొస దగ్గర సుద్దతో గీత గీయడం.

టైలరు టేపు 150 సెంటీమీటర్లే. ఇనప టేపేమో మానుకి చుట్టుకోదు, ఎగిరి మొహం మీదికొస్తుంది. చివరికి పురికొస చుట్టి, ముడి దగ్గర గుర్తు పెట్టి, గచ్చు మీద పరిచి కొలిచాను. వచ్చిన అంకెని 3.14తో భాగిస్తే మాను అడ్డుకొలత.

మొత్తం 31. వేపలు 11, కానుగలు 6, పెల్టోఫోరాలు 4, ఎర్ర తురాయిలు 2, బాదంలు 2, కోనోకార్పస్‌లు 2, ఏడాకుల పాల ఒకటి, నేరేడు ఒకటి, గోడ పగుల్లో మొలిచి చెట్టైపోయిన రావి ఒకటి, అందరికంటే పెద్దది నిద్రగన్నేరు ఒకటి. నిద్రగన్నేరు చుట్టుకొలత 318 సెంటీమీటర్లు, అడ్డుకొలత మీటరు దాటింది. సాయంత్రం ఆరయ్యేసరికి ఆకులు ముడుచుకుంటుంది కాబట్టి దాని కింద కొలిచే పని పొద్దున పెట్టుకుంటే నీడైనా ఉంటుంది.

కోనోకార్పస్‌లని రిజిస్టర్లో రాయాలా అని కాసేపు ఆలోచించాను. గుజరాత్ 2023లో వాటిని నాటడమే నిషేధించింది, మన దగ్గరా వాటి మీద ఎవరికీ మంచి మాట లేదు. అయినా రాశాను. జనాభా లెక్కల్లో మంచివాళ్ళని మాత్రమే రాయరు కదా.

31లో 19 చెట్లకి మొదలు దాకా సిమెంటే. చెట్లకి కొట్టిన మేకులు లెక్కపెట్టడం మొదలెట్టి యాభై దాటాక ఆపేశాను. ఆ పని వేరే రోజుకి.

జూన్ 17, మంగళవారం

రిజిస్టరు చూపించడానికి కాలనీ సెక్రటరీ గారింటికి వెళ్ళాను. ఆయన టీ ఇచ్చి, "మా గేటు ముందు చెట్టు, మా నాన్నగారు నాటింది, అది కూడా నన్నడక్కుండా రాశారేంటండీ?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ ప్రశ్న నిజమే.

వాల్టా చట్టం అంటే మా కాలనీలో అందరికీ బోరు గుర్తొస్తుంది. బోరు వేయాలంటే అనుమతి కావాలన్నది ఆ చట్టం వల్లే. పేరులో మూడోది చెట్లని ఎవరికీ పట్టదు: నీరు, భూమి, చెట్లు. 2002లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది, తెలంగాణలోనూ కొనసాగుతోంది. దాని ప్రకారం సొంత ఆవరణలో, సొంత చేత్తో నాటిన చెట్టు కొట్టాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలి.

"ఎవరు పట్టించుకుంటారండీ?" అన్నారు సెక్రటరీ గారు. సైదాబాద్ సంగతి చెప్పాను. 2021 ఫిబ్రవరిలో అక్కడ ఇల్లు కట్టుకోవడానికి ఒకరు నలభై ఏళ్ళ వేపచెట్టుని కొట్టేస్తే, ఎనిమిదో తరగతి పిల్లాడొకడు అటవీ శాఖకి ఫోన్ చేశాడు. వాళ్ళొచ్చి విచారించి 62,075 రూపాయల జరిమానా వేశారు. ఆ అంకె చెప్పగానే సెక్రటరీ గారు రిజిస్టరు ఇంకోసారి తెరిచి తన వేపచెట్టు పేజీ చూసుకున్నారు.

ఇంటికొస్తూ అనుకున్నాను. కొట్టడం అంటే చప్పుడవుతుంది, కొమ్మలు పడతాయి, ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. గురువారం పడిన పెల్టోఫోరాన్ని చంపడానికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళలో ఎవరం ఎవరికీ ఫోన్ చేయలేదు.

జూన్ 22, ఆదివారం

మొదటి చెట్టు, ఏడో నంబరు కానుగ. ఫలితం: విఫలం.

గంటల లెక్కన బ్రేకర్ మిషన్ అద్దెకి తెచ్చాను. ఆపరేటర్ కుర్రాడు బాగా చేస్తాడన్నారు, చేశాడు కూడా. పది నిమిషాల్లో అడుగు వెడల్పున సిమెంటంతా చిప్పలు చిప్పలుగా లేచింది. దానితోపాటు నా మణికట్టంత వేరు కూడా తెగి లేచింది. నేలలో వేళ్ళు లోతుగా ఉంటాయనుకున్నాను. నాలుగంగుళాల సిమెంటు తీస్తే దాని అడుగునే, గచ్చుకి అంటుకుని, బల్లపరుపుగా పాకి ఉన్నాయి. సిమెంటు కింద తేమ నిలుస్తుంది కాబట్టి వేరు అక్కడికే చేరుతుంది. పైన మనకి గచ్చు ఉబ్బి పగిలినట్టు కనిపించేది అందుకే.

మిషన్ ఆపించి పంపేశాను. తెగిన వేరు చివర చీలికలు చీలికలుగా ఉంది, రంపంతో నున్నగా కోశాను. ఎదురింటి అమ్మమ్మ గేటు దగ్గర నిలబడి అంతా చూసి, "వైద్యం బాగుంది నాయనా, రోగి ఉంటాడా?" అంది.

జూన్ 29, ఆదివారం

మా పాత మేస్త్రీని పిలిచి సలహా అడిగాను. చూసి తల ఊపాడు. "గిట్ల మిషన్ పెడితే ఎట్ల సార్. ముందుగాల కటింగ్ మిషన్‌తోని బయట గీత గుంజాలె. లోపలిది ఛేనీతోని చేత్తోనే తియ్యాలె. లేటయితది, గంతే."

అదే ఏడో నంబరు కానుగ దగ్గర పద్ధతి కుదిరింది. మానుకి అరమీటరు దూరంలో, చోటున్న దగ్గర మీటరు దూరంలో, కటింగ్ మిషన్‌తో రెండంగుళాల లోతు గీత. ఆ గీత లోపల నాలుగు పౌన్ల సుత్తి, ఉలి. ఉలి ఎప్పుడూ మాను నుంచి బయటికి వాలి ఉండాలి, దెబ్బ చెట్టు వైపు పోకూడదు. వేరు కనబడగానే ఉలి పక్కన పెట్టి కొబ్బరి పీచు బ్రష్షు. ఒక చెట్టుకి రెండున్నర గంటలు పట్టింది. మూడు తట్టల పెళ్ళలు.

సిమెంటు కింద మట్టి బూడిద రంగులో, ఇటుకలా ఉంది. బకెట్ నీళ్ళు పోసి ఫోన్‌లో టైమరు పెట్టాను. ఇంకడానికి గంటా నలభై నిమిషాలు. అప్పుడు వేళ్ళు తప్పించుకుంటూ గడ్డపారతో జానెడు లోతు బొక్కలు పన్నెండు పొడిచి, వాటిలో దొడ్డు ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి నింపాను. పైన ఎండుటాకులు మూడంగుళాల మందం, మానుకి తగలకుండా బెత్తెడు ఎడంగా. చుట్టూ ఇటుకలు ఏటవాలుగా పాతాను, బండ్లు ఎక్కకుండా.

జూలై 20, ఆదివారం

పని లేదు. మా వైపు బోనాలు. పొద్దున అయిదింటికే వేపమండలకి జనం. నిచ్చెనలు, కొక్కేల కర్రలు. మూడో నంబరు వేప చిన్నది, దాన్నే అందరూ పట్టుకున్నారు, కొమ్మలు చేతికందుతాయని. నేను వెళ్ళి, "పెద్దదాన్ని పట్టుకోండమ్మా, దానికి లెక్క ఉండదు" అని తొమ్మిదో నంబరు చూపించాను. ఒక ముసలావిడ నన్ను ఎగాదిగా చూసి, "చెట్లకు నంబర్లేంది బిడ్డా, జైలా?" అంది. ఆమెకే కొక్కెం కర్ర పట్టుకుని నాలుగు మండలు దించి ఇచ్చాను.

చట్టం కంటే ముందు నుంచీ ఈ వీధిలో వేపకి ఎవరూ గొడ్డలి పెట్టకపోవడానికి కారణం ఆవిడలాంటి వాళ్ళే అనిపించింది. పోచమ్మ చెట్టుకి దండం పెట్టేవాళ్ళు దాని మొదట్లో పోసిన సిమెంటు మీద పసుపు కుంకుమ వేసి పోయారు.

ఆగస్టు 3, ఆదివారం

ఇప్పటికి 6 చెట్లు పూర్తి. ఏడో నంబరు కానుగ బతికింది, తెగిన వేరు వైపు కొమ్మ కొంచెం పలచబడింది అంతే. దాని పాదులో మళ్ళీ బకెట్ పోసి చూశాను, 11 నిమిషాలు. గంటా నలభై నుంచి పదకొండుకి. ఇంట్లో చెబితే "మంచిది, ఇప్పుడు పాలు తీసుకురండి" అన్నారు.

ఫిర్యాదులు మొదలయ్యాయి. దోమలొస్తాయని ఒకరు, కుక్కలు తవ్వుతాయని ఒకరు, కారు పార్కింగ్ తగ్గిందని నలుగురు. కుక్కల మాట నిజం, రెండు పాదుల్లో గుంతలు తీశాయి. దోమల మాట అబద్ధం. నీళ్ళు నిలిచేది సిమెంటు మీద, పాదులో నిమిషాల్లో ఇంకుతున్నాయి. పార్కింగ్ మాటకి నా దగ్గర జవాబు లేదు, తగ్గింది.

కాలనీ మీటింగుకి ఒక కాగితం పట్టుకుపోయాను. 2013 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర సిమెంటు తీసేయాలని ఆదేశించింది. "అది ఢిల్లీకి కదా" అన్నాడొక కుర్రాడు, లాయరు చదువుతున్నాడట. నిజమే, ఢిల్లీకే. ఢిల్లీ చెట్టుకైనా మన చెట్టుకైనా వేరుకి గాలి కావాలి అన్నాను. తీర్మానం అంటూ ఏమీ కాలేదు గానీ ఎవరూ ఆపమనలేదు. మన దగ్గర అదే తీర్మానం.

ఆగస్టు 24, ఆదివారం

మేకుల రోజు. బుధవారం వినాయక చవితి, పందిరి తాళ్ళు కట్టేవాళ్ళు కొత్త మేకులు కొట్టకముందే పాతవి తీయాలని. పిల్లలు ముగ్గురు వచ్చారు, మేకుకి రూపాయి చొప్పున బేరం. 114 వచ్చాయి. టులెట్ బోర్డులు, ట్యూషన్ బోర్డులు, ఎప్పుడో చనిపోయిన ఒకాయన సంతాప ఫ్లెక్సీ చట్రం.

తీసే పద్ధతి: సుత్తి కొక్కెం కింద చెక్క ముక్క పెట్టాలి, లేకపోతే బెరడు నలిగిపోతుంది. తల పైకి కనబడేవే తీయాలి. బెరడు కమ్ముకుపోయిన మేకుల్ని వదిలేయాలి. చెట్టు వాటిని ఎప్పుడో లోపలేసుకుని సర్దుకుంది, ఇప్పుడు తవ్వితే పాత పుండుకి కొత్త గాయం.

పన్నెండో నంబరు పెల్టోఫోరానికి చిన్నప్పుడు పెట్టిన ఇనప కంచె అలాగే ఉండిపోయి మాను లోపలికి దిగిపోయింది, నడుముకి మొలతాడు కోసుకుపోయినట్టు. హెక్సా బ్లేడుతో బయట ఉన్న కడ్డీలు మాత్రం కోశాను. లోపలివి అలాగే. ఈ ఒక్క చెట్టుకే పొద్దంతా పట్టింది, రెండు బ్లేడ్లు విరిగాయి.

పందిరి కుర్రాళ్ళు ఈసారి మేకులు లేకుండా తాళ్ళతో కట్టారు. 114 మేకుల డబ్బా చూపించినందుకా, డబ్బాతోపాటు చందా ఇచ్చినందుకా తెలీదు.

సెప్టెంబరు 14, ఆదివారం

వేపలకి ఎండు తెగులు మళ్ళీ వచ్చింది. పదకొండింటిలో ఏడింటికి కొమ్మల కొసలు కాలినట్టు గోధుమ రంగులో వేలాడుతున్నాయి. వానలు పడ్డాక మొదలై చలికాలం దాకా ఉంటుంది. 2021లో రాష్ట్రమంతా ఇలాగే ఎండితే "వేపకి కరోనా" అన్నారు జనం. అది ఫోమాప్సిస్ అనే బూజు తెగులు, కొసల నుంచి వెనక్కి ఎండుతూ వస్తుంది. టీ దోమ అనే పురుగు రసం పీల్చిన లేత కొమ్మలకి ఇది ఇంకా తొందరగా పడుతుంది. కార్బెండజిమ్ లాంటి మందులు పిచికారీ చేయమని వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు చెప్పారు. చిన్న మొక్కకైతే సరే, నలభై అడుగుల చెట్టుకి ఎవరు ఎక్కి కొడతారు?

ఒకాయన, "పిల్లలమర్రికి సెలైన్ ఎక్కించారు కదా, మనమూ ఎక్కిద్దాం" అన్నాడు. 2018లో మహబూబ్‌నగర్‌లోని పిల్లలమర్రి అనే పాత మర్రిచెట్టుకి సీసాలు వేలాడదీసింది చెదలకి, లోపలికి పంపింది క్లోర్‌పైరిఫాస్, పురుగు మందు. బూజుకి అది పనికిరాదు. ఒక రోగం చీటీతో ఇంకో రోగానికి మందు కొనకూడదు కదా.

నేను చేసిందల్లా చెయ్యందిన ఎండు కొసల్ని పచ్చి దాకా కత్తిరించి తగలబెట్టడం, తర్వాత పదునైన చాకుతో ప్రతి వేప కొమ్మ మీదా గోరంత బెరడు గీకి చూడటం. ఏడింటికి ఏడూ లోపల పచ్చగానే ఉన్నాయి. రిజిస్టర్లో రాశాను: "పైకి ఎండు, లోపల పచ్చి." ఫొటోలు తీశాను. ఎందుకు తీశానో అప్పుడు తెలీదు, అలవాటుగా.

అక్టోబరు 12, ఆదివారం

14వ ఇంటాయన పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్నారు, కింద పార్కింగ్, పైన నాలుగంతస్తులు. ర్యాంపు సరిగ్గా తొమ్మిదో నంబరు వేప మీదికొస్తుంది. బోనాలకి నేను చూపించిన చెట్టు. చుట్టుకొలత 212 సెంటీమీటర్లు.

ఇటుకల లారీ దించుతుంటే వెళ్ళాను. "అన్నా, ఆ చెట్టు చచ్చిపోయింది చూడండి, రోగమొచ్చింది. రేపో మాపో ఎవరి మీదో పడుద్ది" అన్నారాయన. కోపంగా కాదు, నాకు మేలు చేస్తున్నట్టు.

"అది చచ్చిందో బతికిందో మీరూ నేనూ తేల్చేది కాదు తమ్ముడూ. దరఖాస్తు పెట్టండి, వాళ్ళొచ్చి చూస్తారు" అన్నాను.

"ఒక్క చెట్టుకి ఆఫీసుల చుట్టూ తిరగాలా?"

62,075 గురించి చెప్పాలనుకున్నాను, చెప్పలేదు. సిమెంటు తీసిన పాదులో వేపగింజల నుంచి మొలిచిన మొక్కలు పది దాకా ఉన్నాయి, వాటిని దాటుకుంటూ ఇంటికొచ్చాను. సాయంత్రం సెక్రటరీ గారు ఫోన్ చేశారు. 14వ ఇంటాయనకి తానే చెప్పారట, సైదాబాద్ సంగతి, అంకెతో సహా.

అక్టోబరు 24, శుక్రవారం

ఆయన దరఖాస్తు పెట్టారు. పెట్టినందుకు ఆయన్ని మెచ్చుకోవాలి, రాత్రికి రాత్రి కొట్టేసేవాళ్ళున్న చోట. పొద్దున పదకొండింటికి అటవీ శాఖ నుంచి ఇద్దరొచ్చారు. ఒకాయన టేపు తీసి చుట్టుకొలత చూసి 210 అన్నారు. నేను 212 అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన కొలిచింది నా సుద్ద గీతకి మూడు వేళ్ళు పైన.

చాకుతో బెరడు గీకారు. పచ్చి. నా రిజిస్టరు తిరగేశారు, సెప్టెంబరు ఫొటోలు చూశారు. "ఈ తెగులు ప్రతి ఏడూ వస్తుంది, ఉగాదికి చిగురేస్తుంది" అని ఇంటాయనతో చెప్పారు. ర్యాంపు ప్లాను అడిగారు. ప్లాటుకి రెండో పక్కన నీళ్ళ సంపుకి వదిలిన చోటు చూపించి, ర్యాంపు అటు జరపొచ్చు కదా అన్నారు. ఆ ఇంటి మేస్త్రీ అడుగులతో కొలిచి, "అయితది సార్, సంపు వెనకకు పోవాలె, గంతే" అన్నాడు. ఇంటాయన మొహం ముడుచుకున్నారు గానీ ఒప్పుకున్నారు. రోడ్డు మీదికి వాలిన ఒక ఎండు కొమ్మ వరకు మాత్రం తీయించుకోమన్నారు.

నవంబరు 9, ఆదివారం

లెక్క. సిమెంటు తీయాల్సిన 19లో 16 పూర్తి. మిగిలిన మూడింట్లో రెండు సొంత గేటు ముందు గ్రానైట్ పరిచినవి, వాళ్ళు ఒప్పుకోలేదు. మూడోది నిద్రగన్నేరు, దాని కింద మంచినీళ్ళ పైపు పోతోందని తెలిసి ఆగాను. పెళ్ళలు ట్రాక్టరు లోడుకి పైనే వచ్చాయి, 14వ ఇంటి పునాది పక్కన గుంత నింపడానికి ఇచ్చేశాను, కాబట్టి దించే ఖర్చు తప్పింది. అరిగిన ఉలులు నాలుగు. తెగిన వేళ్ళు, మొదటి రోజు దానితో కలిపి, రెండు.

ఈ మధ్యలో కరెంటు వాళ్ళు తీగల కోసం మూడు చెట్ల తలలు ఒక పక్కే నరికి పోయారు. అవి ఇప్పుడు వీధి వైపుకి వాలాయి. రిజిస్టర్లో కొత్త గడి కలిపాను: వాలు, ఏ వైపు.

నవంబరు 22, శనివారం

14వ ఇంటి ర్యాంపు కొత్త చోట పూర్తయింది. పొద్దున వాకింగ్‌కి వెళ్తూ చూస్తే, మిగిలిన మాలుని తొమ్మిదో నంబరు వేప పాదులో పోసి నున్నగా చదును చేశారు. నేను పాతిన ఇటుకల అంచు వరకు, మొలకలతో సహా. పైన గోనె సంచి తడిపి వేశారు, క్యూరింగ్ కోసం.

మేస్త్రీని లేపాను. "ఇంటాయన చెప్పలేదు సార్, మేమే చేసినం, మట్టి రోడ్డు మీదికొస్తదని" అన్నాడు, నిజంగానే నొచ్చుకుంటూ. రాత్రి పోసింది కాబట్టి ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. ఉలి అక్కరలేకపోయింది. అతను తాపీతో, నేను గరిటెతో, ఇరవై నిమిషాల్లో తీసేశాం. మొలకల్లో రెండు వంగిపోయి ఉన్నాయి, మిగతావి దొరకలేదు. బకెట్ నీళ్ళు పోసి చూశాను. 14 నిమిషాలు.